స్టాంపు ఆమెది, చెయ్యి నాది

నేను ఉద్యోగం మానేసిన రోజున మా ల్యాబులో కేకు తెచ్చారు. దాన్ని కోసే ముందు పెద్ద డాక్టరుగారు ఒక కథ చెప్పారు. ఏడేళ్ల క్రితం ఒక ముసలాయన చెంప మీది గడ్డకు తప్పు రోగం పేరు పడిందనీ, ఇదిగో ఈయనే పాత స్లైడు బయటికి తీసి లోపం పట్టుకొని, ఆ పెద్దాయనకు సరైన వైద్యం అందేలా చేశాడనీ. కొత్తగా చేరినవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకొని నిలబడ్డాను. అది వినయం అనుకున్నారు.

ఆ కథలో అబద్ధం లేదు, కానీ అది సగమే. ఆ లోపానికి కారణం నేను. దానికి ఉద్యోగం పోగొట్టుకున్నది నా పక్క బెంచి అమ్మాయి. ఆ మిగతా సగాన్ని, ఇక్కడి సింగపూర్ ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మన పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీకు నియమాలు చెప్పబోవడం లేదు. అవి మీ గోడల మీద అంటించే ఉంటాయి. మా గోడల మీదా ఉండేవి.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. సర్జన్ కోసిన ముక్క సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో దిమ్మగా పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగులు పట్టించి డాక్టరుకు పంపుతాం. ఇరవై రెండేళ్లు అదే చేశాను. రోగి మొహం ఏనాడూ చూడం. మాకు ఆయన ఒక నంబరు.

మామూలు రంగులతో అది క్యాన్సర్ అని తెలుస్తుంది కానీ, ఏ క్యాన్సరో అన్నిసార్లూ తెలియదు. అప్పుడు ప్రత్యేకమైన స్టెయిన్లు వేస్తాం. అలాంటి ప్రతి స్లైడు మీదా రోగి ముక్క పక్కన ఇంకో చిన్న ముక్క ఉంటుంది. దాన్ని కంట్రోల్ అంటాం. ఆ స్టెయిన్ తప్పకుండా పట్టి తీరుతుందని ముందే తెలిసిన కణజాలం అది. కంట్రోల్‌కు రంగు పట్టి, రోగి ముక్కకు పట్టకపోతే ఆ ఫలితం నిజం. కంట్రోల్‌కే పట్టకపోతే ఆ స్లైడు చెప్పేది ఏదీ లెక్కలోకి రాదు. కంట్రోల్ చూడకుండా స్లైడు పంపడమంటే, ఇంట్లో కరెంటు ఉందో లేదో చూడకుండా బల్బు మాడిపోయిందని చెప్పడమే.

అందుకని ఒకరు కూర్చొని ప్రతి కంట్రోల్‌నూ మైక్రోస్కోపులో చూసి, కాగితం మీద తన పేరు అక్షరాలున్న రబ్బరు స్టాంపు వేయాలి. ఆ బెంచి పదిహేను రోజులకొకరి చేతికి మారేది, ఎవరి వంతైతే వాళ్ల స్టాంపు అక్కడ ఉండేది. వాళ్లు భోజనానికి వెళ్తే, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు అదే స్టాంపు వాడేవాళ్లు. నియమం ప్రకారం తప్పు. అయినా అందరం చేసేవాళ్లం. మెషీన్ పాస్‌వర్డు కూడా అందరిదీ ఒకటే. పసుపు కాగితం మీద రాసి స్క్రీనుకు అంటించి ఉండేది. ఆడిట్‌కు వచ్చే రోజు ఆ కాగితాన్ని సొరుగులో దాచి, వాళ్లు వెళ్లగానే తీసి మళ్లీ అంటించేవాళ్లం.

పక్క బెంచి అమ్మాయిది మలేషియాలో పుట్టిన తెలుగు కుటుంబం. ముత్తాత కాలంలో తోటల్లో పనికి వచ్చి అక్కడి పేరాక్ రాష్ట్రంలో స్థిరపడ్డవాళ్లు. అప్పటికి ఆమెకు ముప్పై నిండలేదు. ఆమె తెలుగులో అరవమూ మలయ్ మాటలూ ఇంగ్లీషూ కలిసి ఉండేవి, మాట చివర ‘లా’ అని తోక తగిలేది. మా ఒంగోలు యాస వింటే నవ్వేది. మేం భోంచేసే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే చోటు ఆపి ఉంచి, నేను ట్రే పట్టుకొని తిరుగుతుంటే దూరం నుంచి చెయ్యి ఊపేది. ఆమె కోసిన స్లైడు అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉండేది. నాకు అంత చెయ్యి లేదు. నాకున్నది సీనియారిటీ.

ఒక గురువారం నేను కోసిన ఎవరిదో చర్మం ముక్క, స్టెయిన్ వేసేటప్పుడు మెషీన్ ఇచ్చే వేడికి స్లైడు మీంచి లేచి కొట్టుకుపోయింది. చర్మం అలా లేస్తుంటుంది, కానీ ఆ వేడి చాలకపోతే స్టెయిన్ పట్టదు. దాని తాలూకు డాక్టరు నన్ను నలుగురిలో కసిరారు. మర్నాడు మళ్లీ వేసేటప్పుడు ఆ వేడి సమయాన్ని మూడో వంతుకు తగ్గించాను. ఆ పదిహేను రోజులు బెంచి పక్క అమ్మాయిది, కానీ ఆమె అప్పుడు దిమ్మలు తేవడానికి కింది గదికి వెళ్లింది. ఆ ఒక్క స్లైడు అవగానే సమయాన్ని మళ్లీ మామూలుగా పెట్టాలనుకున్నాను. ఇంతలో మా అమ్మాయి స్కూలు నుంచి ఫోన్ వచ్చింది, జ్వరం, తీసుకెళ్లమని. వెళ్లిపోయాను.

సోమవారం ఆమె ఎప్పటిలా మెషీన్‌లో స్లైడులు పెట్టింది. మధ్యాహ్నం అవి బయటికి వచ్చే వేళకు నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, మకాన్‌కి పోయొస్తాను. ఫిష్ సూప్ క్యూ పెద్దది లా ఇవాళ. మీరు కూచుంటారా?”

“పోయి తినిరా అమ్మా. నేను చూసుకుంటా,” అన్నాను.

ముప్పై స్లైడులు. మొదటి రెండింటి కంట్రోల్ చూశాను. గోధుమరంగు బాగా పట్టింది. మిగతావన్నీ అలాగే ఉంటాయని ఆమె స్టాంపు తీసుకొని కాగితం పొడుగునా కొట్టుకుంటూ వచ్చాను. ఆ మొదటి రెండూ వేరే స్టెయిన్లు, వాటి వేడి వేరే, నేను తగ్గించనిది.

మంగళవారం పొద్దున మెషీన్ తెరిస్తే తగ్గించిన సమయం అలాగే కనబడింది. దాన్ని సరిచేశాను. నిన్నటి స్లైడులు ఎన్ని దీనికింద నడిచాయో చూడాలనుకున్నాను. అప్పటికే అవి డాక్టర్ల గదులకు వెళ్లిపోయాయి. వెనక్కి అడిగితే ఎందుకని అడుగుతారు. కంట్రోల్ తేడాగా ఉంటే డాక్టర్లే పిలుస్తారులే అనుకున్నాను. డాక్టర్లు కూడా కంట్రోల్ చూడాలి. కానీ కాగితం మీద స్టాంపు ఉంది కదా, మేం చూశామని వాళ్లు నమ్మారు. ఎవరూ పిలవలేదు. శుక్రవారానికల్లా నేను మరిచిపోయాను. మరిచిపోవడం నాకు ఎంత తేలికో అప్పుడు తెలియలేదు.

అయిదు వారాలు గడిచాయి. ఒక గురువారం ఉదయం పదిన్నరకు మా స్లైడులు చదివే డాక్టరమ్మ ఒకరు ల్యాబు గుమ్మంలో నిలబడి ఒక నంబరు చెప్పి, ఆ దిమ్మలో ముక్క ఇంకా మిగిలి ఉందా అని అడిగారు. ఆమెకు గుమ్మంలో నిలబడి పైకి ఆలోచించే అలవాటు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఎడమ చెంప మీద గడ్డ, నొప్పి లేదు, కొవ్వు గడ్డ అని తీశారు, చూస్తే క్యాన్సర్. ఊపిరితిత్తి నుంచి చర్మానికి పాకిందని తేల్చారు, స్కాన్‌లో అక్కడ ఒక మచ్చ ఉంది కాబట్టి. కానీ ఆ మచ్చ ఎప్పటిదో పాత టీబీ మచ్చలా ఉందని ఆమెకు అనుమానం. పైగా ఆయన జన్మలో సిగరెట్ తాగలేదట. మధ్యాహ్నం మూడింటికి డాక్టర్లందరి మీటింగు. మర్నాడు పొద్దున్నే కీమో మొదటి డోసు.

ఇక్కడ ఆ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి. మన చర్మంలో స్పర్శను పసిగట్టే మెర్కెల్ కణాలని ఉంటాయి. వాటిని పోలిన కణాలతో పెరిగే క్యాన్సర్ ఒకటుంది. దాన్ని మెర్కెల్ సెల్ కార్సినోమా అంటారు. ఆ కణాల్లో నరాల లక్షణాలూ ఉంటాయి, హార్మోన్లు వదిలే గ్రంథుల లక్షణాలూ ఉంటాయి. చాలా అరుదు. ఎక్కువగా పెద్ద వయసులో, ఎండ తగిలే చోట, ఎర్రగానో ఊదాగానో నున్నటి గడ్డగా లేస్తుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. అది వారాల్లో పెరిగి మెడ గ్రంథుల్లోకి దిగుతుంది. మైక్రోస్కోపులో చూస్తే ఊపిరితిత్తిలో పుట్టే ఒక రకం క్యాన్సర్‌కూ దీనికీ తేడా పట్టుకోవడం చాలా కష్టం. ఆ తేడా ముఖ్యంగా చూపించేది సీకే ట్వంటీ అనే స్టెయిన్. మెర్కెల్ అయితే చాలా కణాల్లో, కేంద్రకాన్ని ఆనుకొని గోధుమరంగు చుక్క ఒకటి కనబడుతుంది. ఊపిరితిత్తిది అయితే సాధారణంగా కనబడదు. చర్మంలోనే పుట్టిందని తేలితే నయం చేసే ఆశతో వెడల్పుగా కోస్తారు, మెడ గ్రంథులు చూస్తారు, రేడియేషన్ ఇస్తారు. ఊపిరితిత్తి నుంచి పాకిందంటే కోత ఉండదు. కీమోతో ఉన్న రోజులను కొంచెం పొడిగిస్తారు, అంతే.

సీకే ట్వంటీలో ఏమొచ్చిందని అడిగాను. ఏమీ పట్టలేదు, అందుకే ఊపిరితిత్తి అన్నాం అన్నారు. ఎప్పుడు వేశామని అడిగాను. ఆమె కాగితం చూసి తేదీ చెప్పారు. ఆ సోమవారం.

స్లైడులు దాచే గది మా ల్యాబు చివర ఉంటుంది. అంత దూరం నడిచినట్టు నాకు గుర్తులేదు. స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కంట్రోల్‌గా పెట్టిన పేగు ముక్క గోధుమరంగులో వెలిగిపోవాలి. ఉతికి ఆరేసిన బట్టలా తెల్లగా ఉంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, కంట్రోల్ పట్టలేదు, మళ్లీ వేస్తాను, రెండున్నరకు ఇస్తాను అన్నాను. ఎందుకు పట్టలేదని ఆమె అడగలేదు. గడియారం చూసుకున్నారు.

దిమ్మ తెచ్చి చూస్తే ముక్క దాదాపు అయిపోయింది. ఒక కోత పడుతుంది. మహా అయితే రెండు. దానికి నా చెయ్యి చాలదు. పక్క అమ్మాయిని పిలిచాను.

“ఏమైంది అన్నా, దయ్యాన్ని చూసినట్టున్నారు,” అంది.

“ఇది నువ్వు కొయ్యాలమ్మా. తప్పితే ఇంక ముక్క లేదు. రేపు పొద్దున ఆయనకు కీమో.”

ఆమె గ్లౌజులు తొడుక్కుంది. దిమ్మను మంచు పలక మీద పెట్టి చల్లార్చింది. కత్తి కొత్తది మార్చింది. చక్రం మెల్లగా తిప్పింది. మొదటి పొర చిరిగింది. రెండోది ముడత లేకుండా వచ్చింది. కుంచెతో ఎత్తి గోరువెచ్చటి నీళ్ల మీద వదిలి, కింద నుంచి స్లైడు పోనిచ్చి అందుకుంది. అదే ఆఖరిది. తన మెడకు చుట్టుకోబోయే ఉచ్చును తనే అంత శ్రద్ధగా పేనుతోందని ఆమెకు తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. నేనింకా అంత దూరం ఆలోచించలేదు.

పూర్తి వేడి ఇస్తే ఈ చర్మం కూడా లేచి కొట్టుకుపోవచ్చు. ఇవ్వకపోతే రంగు పట్టదు. స్లైడును ఓవెన్‌లో పెట్టి, మామూలు కంటే ఎక్కువసేపు ఆరనిచ్చి, పూర్తి వేడి పెట్టి మెషీన్ మూత వేశాను. ఇక చేయగలిగింది లేదు. మూడు గంటలు ఆ మెషీన్ ముందే ఉన్నాను. ఆమె కింద నుంచి కాఫీ తాపావ్ కట్టించి తెచ్చి పక్కన పెట్టింది. అది అలాగే చల్లారిపోయింది.

రెండూ ఇరవైకి మూత తీశాను. ముక్క ఒక మూల కొంచెం లేచింది, కానీ ఉంది. కంట్రోల్ గోధుమరంగులో మెరుస్తోంది. రోగి ముక్క వైపు జరిపాను. ప్రతి కణంలోనూ, కేంద్రకం పక్కన, సూదితో పొడిచినట్టు ఒక చుక్క. ఎక్కడ చూసినా చుక్కలే.

డాక్టరమ్మ స్లైడును ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు. తర్వాత నా భుజం తట్టి, స్లైడు పట్టుకొని మీటింగుకు దాదాపు పరిగెత్తారు. మర్నాటి కీమో ఆపేశారు. వారంలోపే ఆపరేషన్ అయింది. కానీ అప్పటికే మెడలో ఒక గ్రంథి వాచింది. రేడియేషన్ ఇచ్చారు. తర్వాత ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపే మందు కూడా ఇచ్చారని విన్నాను. ఆ పెద్దాయన రెండేళ్లు నిండకుండా పోయారు. అయిదు వారాల ముందే తెలిసుంటే బతికేవారా అని ఒకసారి డాక్టరమ్మను అడిగాను. ఎవరూ చెప్పలేరు అన్నారు. ఆ మాటలో నాకు ఊరట ఏమీ దొరకలేదు.

ఆ తర్వాతి సోమవారం సూపర్‌వైజర్ విచారణ మొదలుపెట్టారు. ఎవరి మీదా కోపం లేని, ఏ కాగితాన్నీ వదలని మనిషి ఆవిడ. మెషీన్ రికార్డులో శుక్రవారం వేడి తగ్గించినట్టు, మంగళవారం మళ్లీ పెంచినట్టు ఉంది. పాస్‌వర్డు అందరిదీ కాబట్టి ఎవరో లేదు. ఆ పదిహేను రోజులు బెంచి ఎవరిదో రోస్టర్‌లో ఉంది. కంట్రోల్ చూసినట్టు స్టాంపు ఎవరిదో కాగితం మీద ఉంది. ముందు ఆ అమ్మాయిని పిలిచారు, తర్వాత నన్ను.

“ఆ సోమవారం భోజనం వేళ తన బెంచిలో నువ్వు కూర్చున్నావని ఆమె అంటోంది. కూర్చున్నావా?” అని అడిగారు.

అప్పటికి నా పీఆర్ అర్జీ, ఇక్కడే స్థిరంగా ఉండనిమ్మని పెట్టేది, రెండుసార్లు తిరిగి వచ్చింది. మూడోది లోపల ఉంది. పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. ఆమె చిన్నది, పెళ్లి కాలేదు, వాళ్ల దేశం వంతెన దాటితే వస్తుంది, ఇంకో చోట దొరుకుతుంది. ఇదంతా ఒక్క క్షణంలో తూచాను. ఎదుటివాళ్లకు జరిగే నష్టాన్ని తేలిక చేసి తూచడంలో నాకు మంచి నైపుణ్యం ఉందని ఆ రోజే తెలిసింది.

“నాకు గుర్తులేదు,” అన్నాను.

అది అబద్ధంలా వినబడదు. నేను కూర్చోలేదు అని ఉంటే ఆవిడ ఇంకో ప్రశ్న వేసేవారేమో. గుర్తులేదంటే వేయడానికేమీ ఉండదు. ఆవిడ రాసుకున్నారు.

సాయంత్రం లిఫ్టు దగ్గర ఆ అమ్మాయి నన్ను ఆపింది.

“అన్నా, నేను ఆ రోజు మకాన్‌కి పోయాను కదా? ఫిష్ సూప్ క్యూ అని మీకు చెప్పాను కూడా.”

“పోయే ఉంటావమ్మా, రోజూ పోతావుగా. ఆ సోమవారమే అని ఎట్టా చెప్పను?”

ఆమె నా మొహంలోకి చూసింది. నేను లిఫ్టు నంబర్ల వంక చూశాను.

“సరి అన్నా. నాకే కన్ఫ్యూజన్ అయిందేమో లా,” అంది.

ఆమెకు రాతపూర్వకంగా వార్నింగు ఇచ్చారు. ఏడాది చివర కాంట్రాక్టు పొడిగించలేదు. వర్క్ పాస్ పోయింది, నెలలో మలేషియా వెళ్లిపోయింది. ఆఖరి రోజు అందరికీ కర్రీ పఫ్‌లు తెచ్చింది. నా బెంచి మీద రెండు పెట్టింది. ఆ తర్వాతి సంవత్సరం నాకు పీఆర్ వచ్చింది. హౌగాంగ్‌లో ఫ్లాటు తీసుకున్నాం. లోపం పట్టుకున్నవాడన్న పేరు నాతోపాటు పెరిగింది. కొత్తవాళ్లకు ట్రైనింగు ఇచ్చేటప్పుడు కంట్రోల్ చూడాలని గట్టిగా చెప్పేవాణ్ణి. మా ల్యాబులో ఆ పాఠం నా అంత బాగా ఎవరూ చెప్పేవారు కాదు.

మెడనొప్పి ముదిరి యాభై నాలుగేళ్లకే పని మానేయాల్సి వచ్చింది. కేకు రోజు చప్పట్లు విని ఇంటికి వచ్చాక, అన్నం ముందు కూర్చొని మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. కాసేపటికి వచ్చి, “నాకు కాదు చెప్పాల్సింది,” అంది.

వారంలో ల్యాబు అధిపతికి ఉత్తరం రాశాను. వేడి తగ్గించింది నేను, కంట్రోల్ చూడకుండా స్టాంపు వేసింది నేను, విచారణలో నిజం దాచింది నేను అని. నెల తర్వాత జవాబు వచ్చింది. పాత నిర్ణయాన్ని మార్చే పద్ధతి లేదు, మీ ఉత్తరాన్ని ఆ ఫైలులో చేర్చాం అని. పాత మిత్రుల ద్వారా ఆ అమ్మాయి ఫోన్ నంబరు సంపాదించాను. పెళ్లయి మళ్లీ సింగపూర్ వచ్చిందట. జురాంగ్ వైపు ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీలో పరీక్షల విభాగంలో పని. బూన్ లేలో ఉంటోంది. అక్కడి హాకర్ సెంటర్‌కు ఒక శనివారం పొద్దున రమ్మంది.

కొంచెం లావైంది. అదే నవ్వు. మా పిల్లల గురించి అడిగింది. నేను జవాబు చెప్పకుండా, చెప్పడానికి వచ్చింది చెప్పేశాను. శుక్రవారం, సోమవారం, మంగళవారం, లిఫ్టు దగ్గర. ఒక్కటీ వదల్లేదు. ఆమె గ్లాసులోని ఐసును స్ట్రాతో కదుపుతూ వింది. పక్క టేబుల్ ఆంటీ ట్రే తీసుకొని వెళ్లిపోయింది. వేరేవాళ్లు వచ్చి కూర్చున్నారు.

“కోపం ఉంది అన్నా. లేదనుకోకండి. అది తర్వాత,” అంది చివరికి. “మీరు గుర్తులేదు అన్నాక, నేనే కొట్టాననుకున్నాను స్టాంపు. రోజూ రాత్రి అదే ఆలోచన. కొన్నాళ్లకు గుర్తుకు కూడా వచ్చింది. నా చెయ్యి, స్టాంపు, కాగితం, ఆ చప్పుడు. ఫిష్ సూప్ వేరే రోజు అనుకున్నాను. అందుకే మళ్లీ హాస్పిటల్ ల్యాబుకు అప్లై చెయ్యలేదు, ఎవరికైనా ఏమైనా అవుతుందని. జరగనిది ఎలా గుర్తొచ్చింది అన్నా నాకు?”

ఉత్తరం కాపీ తెచ్చాను, జేబులోంచి తీసి ఇచ్చాను. అది ఇంగ్లీషులో ఉంది. ఆమె చూసి నాకే తిరిగి ఇచ్చింది.

“మీరు చదవండి. మీ నోటితో, తెలుగులో చెప్పండి.”

మొదటి నుంచి చదివి చెప్పుకుంటూ వచ్చాను. మూడో పేరాలో ఒక వాక్యం దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది.

“అది మళ్లీ చెప్పండి.”

“స్లైడులు తనిఖీ చేసిన ఆ సమయంలో ఆమె బెంచి దగ్గర లేరు.”

“ఇంకోసారి.”

ఇంకోసారి చెప్పాను. ఈసారి ఆమె కళ్లు మూసుకొని, పెదవులు కదుపుతూ నాతోపాటు తనూ అంది, “లేరు” అన్న చోట “లేను” అని.